హ్యాండ్‌బ్రేకు లాగితే పైకి లేచింది

ఇరవై ఏడేళ్లు బస్సు నడిపి బండికి ఒక్క గీత పడనివ్వనివాణ్ణి, బల్బు మార్చడానికి ఎక్కిన స్టూలు మీంచి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. పడ్డ ఎత్తు రెండడుగులేనని మా ఆవిడ టేపు పెట్టి కొలిచి మరీ చెప్పింది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఇంట్లో ఏ గొడవొచ్చినా ముందు టేపు తీస్తుంది.

వానలు మొదలైన వారంలో కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుందన్నారు. చెయ్యి మాత్రం వణికేది. ఊరికే ఒళ్లో పెట్టుకుంటే బుద్ధిగానే ఉండేది, దేన్నయినా పట్టుకుంటే చాలు మొదలుపెట్టేది. గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం నీళ్లు నా చొక్కా తాగేది. డిపోలో సెలవు కాగితం మీద సంతకం పెడితే గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సంతకమా, పెన్ను రాస్తోందో లేదో చూసుకున్నారా?" అన్నాడు.

మా డిపోలో ఒక పద్ధతి ఉంది. ఎక్కువ రోజులు సెలవు పెట్టిన డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టాలంటే డాక్టరు కాగితం ఒక్కటే చాలదు. పెద్ద మెకానిక్కు బస్సులో ఇంజను మూత మీద ఒక గాజుగ్లాసు పెట్టి అంచుదాకా నీళ్లు పోస్తాడు. యార్డు చుట్టూ రెండు చుట్లు తిప్పాలి, ఏటవాలు మీద ఒకసారి ఆపి మళ్లీ కదలాలి. గ్లాసు మీద గీసిన ఎర్రగీత కంటే నీళ్లు కిందికి దిగాయో, ఆ డ్రైవరు ఇక డ్రైవరు కాదు. అందుకే ఆయన్ని అందరూ గ్లాసుతాత అంటారు. తాత పరీక్షలో తప్పినవాళ్లు గొడుగుల గదికి పోతారు. బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్లు దాచే గది అది. వానాకాలంలో అందులో అన్నీ గొడుగులే. అక్కడ కూర్చుని, వచ్చినవాళ్ల చేత రిజిస్టరులో సంతకం పెట్టించుకుని వాళ్ల గొడుగు వాళ్లకివ్వాలి. చెడ్డ పనేం కాదు. కానీ ఆ గదికి కిటికీ లేదు. పొద్దున లేస్తే ముందు రోడ్డు కనిపించాలి నాకు.

నాకు పది వారాలు గడువిచ్చారు.

ఆసుపత్రిలో చేతికి వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంది. నేను దాని మీద పగబట్టినట్టు నొక్కేవాణ్ణి.

"అంత గట్టిగా వద్దు సార్," అంది ఆ అమ్మాయి. "బలం లేక వణకడం లేదు మీ చెయ్యి. మళ్లీ ఎక్కడ విరుగుతుందోనని మీరే బిగబట్టేస్తున్నారు. బిగబట్టేకొద్దీ వణుకుతుంది. మెత్తగా పట్టుకుని చేసే పని ఏదైనా రోజూ చెయ్యండి."

"అంటే ఎలాంటిది?"

"బొమ్మలకి రంగులెయ్యచ్చు. అల్లికలు చేసుకోవచ్చు."

నేను చూసిన చూపుకి ఆ అమ్మాయి బంతి మళ్లీ నా చేతిలో పెట్టింది.

ఈ సంగతి విని ఎగిరి గంతేసింది మా బావమరిది. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఖాళీ దొరికితే చాలు, కంప్యూటర్లో యుద్ధ హెలికాప్టర్లు నడుపుతాడు. నలభై ఏళ్లొచ్చినా ఆ పిచ్చి తగ్గలేదు. "రంగులెందుకు బావా? యుద్ధం చేద్దువుగాని," అన్నాడు. "హెలికాప్టరు కర్ర రెండు వేళ్లతో పట్టుకోవాలి. గట్టిగా పట్టుకున్నావో, పోయావే."

వారం తిరక్కుండా మా ముందుగదిలో సగం యుద్ధభూమి అయిపోయింది. మిగతా సగంలో మా ఆవిడ కుట్టుమిషను, స్కూలు యూనిఫాంల గుట్టలు. వాడు కొట్టు నుంచి రెండు పాత కంప్యూటర్లు తెచ్చాడు. పైలట్ సీటుకు మా డిపో తుక్కులోంచి ఒక బస్సు సీటూ, ఎడమచేతి లీవరు కోసం ఒక హ్యాండ్‌బ్రేకూ అడిగి పట్టుకొచ్చాడు. కాళ్ల కింద పెడళ్ల కోసం అటకమీద ఉన్న మా ఆవిడ పాత తొక్కుడు మిషను కాలిపలకను రెండు ముక్కలు చేశాడు.

"నా మిషను కాళ్లు విరగ్గొట్టావురా!" అని ఆవిడ లబోదిబోమంది.

"అక్కా, అవి ఇప్పుడు ఆకాశంలో తిరుగుతాయి," అన్నాడు వాడు. తమ్ముడి మాట కాబట్టి ఆవిడకి కోపం అయిదు నిమిషాల్లో పోయింది. అదే నేనయితే అయిదేళ్లు గుర్తుండేది.

పాఠం చెప్పడానికి సులువే. కుడిచేతిలో కర్ర, ఎటు వంచితే బండి అటు పోతుంది. ఎడమచేతి లీవరు పైకి లాగితే లేస్తుంది, దించితే దిగుతుంది. కాళ్లతో దాని ముక్కు తిప్పాలి. చిక్కెక్కడంటే, వీటిలో ఒకటి కదిపితే మిగతా రెండూ అలుగుతాయి. లీవరు లాగానా, ముక్కు పక్కకి తిరిగేది. కాలితో ముక్కు సరిచేస్తే బండి పక్కకి జారేది. జారుడు ఆపబోతే ఎత్తు తగ్గేది. ఉమ్మడి కుటుంబంలో పెద్దరికం చేస్తున్నట్టుండేది.

"మొదట నేలకి రెండడుగుల ఎత్తులో కదలకుండా నిలబెట్టు బావా. అంతే."

"రెండడుగులా?" అంది మా ఆవిడ మిషను ఆపి. "ఆయనకి ఆ ఎత్తు అచ్చిరాదురా."

నేను ఆ మాట పట్టించుకోకుండా లేపాను. బండి లేచింది, ఊగింది, పక్కనే నిలబెట్టి ఉన్న పెట్రోలు ట్యాంకరు వైపు జారడం మొదలుపెట్టింది. ఇరవై ఏడేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఎదురుగా ట్యాంకరు కనబడగానే నా ఎడమచెయ్యి నన్నడక్కుండానే హ్యాండ్‌బ్రేకు అందుకుని బలంకొద్దీ లాగేసింది.

సర్రుమని ఆకాశంలోకి పోయింది. ట్యాంకరు అగ్గిపెట్టె అంతయిపోయింది.

"దించు బావా, దించు!"

"బ్రేకు వేశానురా!"

"అది బ్రేకు కాదు!"

"మా డిపో నుంచి తెచ్చింది బ్రేకు కాకపోతే మరేంట్రా?" అని ఇంకా గట్టిగా లాగాను. బండి గిర్రున తిరిగి, తలకిందులై, వెళ్లి వెళ్లి ఆ ట్యాంకరు మీదే పడింది. తెరంతా మంటలు. మా ఆవిడ నవ్వి నవ్వి, పొరపాటున యూనిఫాం జేబు మూతి కూడా కుట్టేసింది.

మొదటి వారం అంతా ఇదే వరస. భయమేస్తే లాగడం, లాగితే లేవడం, లేస్తే ఇంకా భయమేయడం. దీనికి తోడు కుడిచేతిలో కర్ర వణికేది, దాంతోపాటు హెలికాప్టరూ చలిజ్వరం వచ్చినట్టు వణికేది. రోజుకి ముప్పైసార్లు చచ్చేవాణ్ణి. తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక మధ్యాహ్నం బయట వాన దంచుతోంది. మా ఆవిడ చేతిలోని కత్తెర కింద పెట్టి వచ్చి, "ఒకసారి లేవండి," అంది.

"ఇది కుట్టుపని కాదు."

"తెలుసు లెండి. లేవండి."

చెప్పులు విప్పి కూర్చుంది. తన పాత మిషను పలకల మీద ఉత్తికాళ్లు పెట్టి రెండుసార్లు తొక్కి చూసుకుంది. ఆ కాళ్లకీ ఆ ఇనుముకీ ఇరవై ఏళ్ల పరిచయం. కళ్లు ఒకచోట, చేతులు ఒకచోట, కాళ్లు ఒకచోట పనిచేయడం ఆవిడకి కొత్త కాదు. మొదటిరోజు నాలుగుసార్లు కూలింది. నాలుగోరోజుకి బండి రెండడుగుల ఎత్తులో మేకు కొట్టినట్టు నిలబడింది. నిలబెట్టి, తెర మీంచి చూపు తిప్పకుండానే, "రేపు సబ్బులు తేవాలి, గుర్తుచెయ్యండి," అంది.

నేను నోరు వెళ్లబెట్టాను. బావమరిది ఊరుకోవచ్చుగా? "ఏం బావా! అక్క స్కూటరు నేర్పమంటే బ్యాలెన్సు లేదన్నావుగా అప్పట్లో?" అన్నాడు.

నిజమే, అన్నాను. ఏడేళ్ల కిందట. ఆవిడ మళ్లీ అడగలేదు. మర్చిపోయిందనుకున్నాను. ఇప్పుడు తమ్ముడి మాటకి ఆవిడ నావైపు ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది. మర్చిపోలేదని అప్పుడు తెలిసింది.

ఉడుక్కుని మూడు రోజులు యుద్ధానికి పోలేదు. మొహం మాడ్చుకుని ఒక మూల కూర్చుని బంతి నొక్కుతూ గడిపాను. గడువులో సగం అయిపోయింది. చెయ్యి అలాగే ఉంది.

మూడోరోజు సాయంత్రం మా ఆవిడ, "ఇలా రండి," అంది. కంప్యూటరు దగ్గరికి కాదు, మిషను దగ్గరికి. కోటు లోపల వేసే జారుడు గుడ్డ సూది కింద పెట్టింది. "కుడిచేత్తో పట్టుకోండి. కాలు నేను వేస్తాను."

పట్టుకున్నాను. కుట్టు పాము పాకినట్టు వంకర్లు పోయింది.

"గుడ్డని లాగుతున్నారు మీరు. అది మీ పని కాదు, మిషను పని. మీరు దారి చూపిస్తే చాలు." నా చేతి మీద తన చెయ్యి వేసింది. బరువు లేదు ఆ చేతిలో. సూది మళ్లీ కదిలింది. ఈసారి వంకర కాస్త తగ్గింది. ఎందుకో నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చినంత పనైంది.

"నాకు భయంగా ఉంది," అన్నాను. "ఆ గొడుగుల గదిలో వేస్తారేమోనని."

"తెలుసు. మూడు రోజులుగా ఆ బంతి చప్పుడు వింటూనే ఉన్నాను." ఆవిడ ధైర్యం చెప్పలేదు, 'ఏమీ కాదులే' అని కూడా అనలేదు. "ఇంకో జానెడు కుట్టండి. తప్పయితే విప్పుకుందాం," అంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున గంటసేపు జారుడు గుడ్డ, మధ్యాహ్నం హెలికాప్టరు. మా బండిలో ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీట్లో నడిపేవాళ్లు, ముందు సీట్లో తుపాకీ కాల్చేవాళ్లు. ఆవిడ బస్సు సీట్లో కూర్చుని నడిపేది, నేను పక్కన కుర్చీలో తుపాకీ పట్టుకునేవాణ్ణి. బావమరిది వాళ్లింట్లోంచి ఇంకో హెలికాప్టరులో ముందు పోతూ, చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో హుకుములిచ్చేవాడు.

"బావా, రోడ్డు మీద కదిలేవన్నీ శత్రువువే. కాల్చెయ్!"

కింద రోడ్డు మీద నాలుగు లారీలు, వాటి వెనక ఒక బస్సు.

లారీలు కాల్చాను. "బస్సు, బస్సు వదిలేశావు!" అని వాడి కేక.

"బస్సుని కాల్చను."

"బావా, అందులో సైనికులున్నారు!"

"ఎవరున్నా సరే. డ్రైవరేం పాపం చేశాడు? డ్యూటీ వేశారు, వచ్చాడు. అయినా చూడు, వాడు మలుపులో హారను కొట్టకుండా తిప్పాడు. ముందు వాడికి నడపడం నేర్పించాలి."

ఆ బస్సులోంచి దిగిన సైనికులు మా బావమరిదిని కూల్చేశారు. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం ఆ రోజు వంట చేస్తూ కూడా తనలో తను నవ్వుకోవడం విన్నాను.

తర్వాత వాడు నా మీద కసి తీర్చుకున్నాడు, ఇంజను ఆగిపోయే పాఠం పెట్టి. "గాల్లో ఉండగా ఇంజను పోయిందనుకో బావా, వెంటనే లీవరు పూర్తిగా కిందికి వదిలెయ్యాలి. బండి పడుతుంది, పడనీ. ఆ పడే గాలికే పైన రెక్కలు తిరుగుతుంటాయి. నేల దగ్గరికొచ్చాక అప్పుడు లాగాలి, ఒకే ఒక్కసారి. ముందే లాగావా, రెక్కలు ఆగిపోతాయి, రాయిలా పడతావు."

"పడిపోతుంటే బ్రేకు వదిలెయ్యమంటావు!"

"అంతే మరి."

ఇదెక్కడి న్యాయం? నా ప్రాణం ఒప్పుకునేది కాదు. ఇంజను చప్పుడు ఆగడం, నేను లాగడం, కూలడం. మా ఆవిడ రెండోరోజే దింపేసింది. నేను పాతికసార్లు, ముప్పైసార్లు కూలాను. ఈసారి మాత్రం ఉడుక్కోలేదు. జారుడు గుడ్డ దగ్గర కూర్చుని విప్పుకుని మళ్లీ కుట్టడం అలవాటైంది కదా, ఇదీ అంతే అనుకున్నాను.

గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం కొండల మీదుగా పోతున్నాం. మా ఆవిడ నడుపుతోంది, నేను కింద వెతుకుతున్నాను. ఇంతలో తలుపు కొట్టారు. ఎవరో యూనిఫాంల కోసం వచ్చారు.

"కాస్త పట్టుకోండి," అని ఆవిడ చంటిపిల్లని ఒళ్లో పెట్టినట్టు హెలికాప్టరుని నాకు అప్పగించి లేచిపోయింది.

నేను బస్సు సీట్లోకి జరిగాను. తలుపు దగ్గర మాటలు వినిపిస్తున్నాయి. "చేతులు పొడుగయ్యాయి, ఒక అంగుళం మడవాలి..." అని ఎవరో అంటున్నారు. అప్పుడే ఎడమ పక్క నుంచి ఏదో తగిలింది. ఎర్రదీపాలు వెలిగాయి. ఇంజను చప్పుడు తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

"బావా! అక్కేది?" అని హెడ్‌ఫోన్లో వాడి గొంతు.

"చొక్కా చేతులు కొలుస్తోంది," అన్నాను. అంటూనే లీవరు కిందికి వదిలేశాను.

కొండలు పైకి వస్తున్నాయి. గాలి చప్పుడు తప్ప ఏం లేదు. నా ఎడమచెయ్యి లాగుదామా అని చూస్తోంది, వద్దన్నాను. కుడిచేతిలో కర్రని రెండు వేళ్ల మధ్య ఉంచుకుని, ఒక పచ్చిక మైదానం వైపు దారి చూపించాను, అంతే. చెట్లు, కంచె, గడ్డి. అప్పుడు లాగాను, ఒకే ఒక్కసారి. బండి ముక్కు కాస్త లేపి, నిట్టూర్చినట్టు నేల మీద కూర్చుంది.

హెడ్‌ఫోన్లో వాడి కేకలకి చెవులు చిల్లులు పడ్డాయి. తీసి పక్కన పెట్టాను.

మా ఆవిడ టేపు మెడలో వేసుకుంటూ వచ్చి తెర చూసింది. "ఇక్కడెందుకు ఆపారు?"

"ఇంజను పోయింది. దింపాను."

"ఊఁ," అంది. గొంతు ఎండిపోయింది నాకు. కిటికీ పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగి కింద పెట్టాను. ఆవిడ ఆ గ్లాసు వైపు, తర్వాత నా చొక్కా వైపు చూసింది. చొక్కా పొడిగా ఉంది. కుడిచేత్తో తాగానని అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పైకంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని నా భయం, ఆవిడదీ అదే అయ్యుంటుంది.

ఆ సాయంత్రం వాన ఆగాక స్కూటరు తాళంచెవి తీసి ఆవిడ మిషను మీద పెట్టాను. "వీధి ఖాళీగా ఉంది," అన్నాను. ఆవిడ దారం తెంపి లేచింది.

పరీక్ష రోజు డిపోకి నన్ను తీసుకెళ్లింది ఆవిడే. నేను గొడుగు పట్టుకుని వెనక కూర్చున్నాను. రెండు మలుపుల దగ్గర ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆవిడ హారను కొట్టే తిప్పింది.

గ్లాసుతాత బస్సెక్కి, గ్లాసు పెట్టి, అంచుదాకా నీళ్లు పోశాడు. మా ఆవిడ వెళ్లి డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుంది.

"ఏమ్మా, నువ్వెందుకు?" అన్నాడు తాత.

"టిక్కెట్టు తీసుకోమంటే తీసుకుంటానండీ," అంది. తాత బండి తియ్యమని నాకు సైగ చేశాడు.

మొదటి చుట్టు గుంటలన్నీ చూసుకుంటూ బాగానే తిప్పాను. రెండో చుట్టులో ఏటవాలు మీద ఆపి కదలబోతుంటే బండి వెనక్కి ఓ మూరెడు జారింది. కుడిచెయ్యి స్టీరింగుని బిగించింది, వెంటనే మణికట్టులో ఆ పాడు వణుకు మొదలైంది. గ్లాసులో నీళ్లు అంచుమీద ఊగాయి. ఒక చుక్క జారింది, ఇంకో చుక్క.

వెనక నుంచి చిన్న గొంతుతో, "గుడ్డని లాగకండి," అని వినిపించింది.

వేళ్లు వదులు చేశాను. బస్సు బరువు బస్సే మోసుకుంది. ఏటవాలు ఎక్కి, మలుపు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగాను. అలవాటుగా ఎడమచెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగాను. లాగి, అద్దంలోంచి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాను.

బస్సు లేవలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త వెలితిగానే అనిపించింది.

"పైనేం చూస్తున్నావయ్యా?" అన్నాడు తాత.

నేను జవాబు చెప్పేలోపే వెనక సీట్లో మా ఆవిడ పకపకా నవ్వేసింది. ఆ నవ్వు ఆగేదాకా తాత ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వంగి, గ్లాసు కంటి ఎత్తులో పెట్టుకుని చూశాడు. నీళ్లు ఎర్రగీతకి పైన వేలెడు ఉన్నాయి. "రేపు పొద్దున అయిదింటి బండి నీదే," అన్నాడు. "ఆవిణ్ణి మాత్రం తీసుకురాకు."

ఆ సంబరంలో నా గొడుగు బస్సులోనే మర్చిపోయాను. మర్నాడు డ్యూటీ దిగాక గొడుగుల గదికి వెళ్లాను. అక్కడి మనిషి రిజిస్టరు నా ముందుకి తోసి, పెన్ను ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడు. కుడిచేత్తో పెట్టి, నా గొడుగు నేను తెచ్చుకున్నాను.